మూడు గీతల స్తంభం

లూడర్ మేస్త్రి రెండో స్తంభం పాదం కోసి పెరట్లో పడేసేసరికి బల్ల మీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది.

కోసింది మోకాలెత్తు ముక్క. నూట తొంభై ఏళ్ళ ఓక్ కర్ర. మా అబ్బాయి హార్మ్ దాన్ని బూటు కొసతో పొడిచాడు. తడిసిన కేకులా రాలిపోయింది.

"చూశావా అమ్మా, చెంచాతో తినొచ్చు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ ముక్క పోయిన చోట ఇప్పుడు మా ఇంటి పడమటి గోడ ఒక ఇనప జాకీ మీద నిలబడి ఉంది. జాకీ కింద రెండు పలకలు. పలకల కింద ఏప్రిల్ నెల తడి మట్టి. ఆ మట్టి జారదని ఎవరు చెప్పగలరు? పైన చూస్తే దూలాలు, వాటి పైన పోయినేటి ఎండుగడ్డి, ఆ పైన పెంకుల కప్పు. అంత బరువు, నా పిడికిలంత మర మీద.

పొద్దుటి నుంచి పక్క తలుపు కూడా పట్టడం లేదు. చట్రం ఒరిగిపోయి, ఎంత లాగినా రెండు వేళ్ళ సందు మిగిలిపోతోంది.

"తలుపు సంగతి సాయంత్రం చూద్దాం. ముందు రొట్టె పెట్టు వదినా" అన్నాడు లూడర్. మా ఆయనతో కలిసి చదువుకున్నవాడు. నన్ను వదినా అనే చనువుంది. హార్మ్‌కి పని నేర్పిన గురువు కూడా ఆయనే.

నల్ల రొట్టె, పొగబెట్టిన మాంసం, మజ్జిగ పెట్టాను. మా అత్తగారు తేదా, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని రొట్టె అంచులు కోసుకుంటోంది. పళ్ళు లేవు, అంచులు నమలలేదు.

మా ఆయన హిన్రిక్ చేతులు కడుక్కోకుండానే కూర్చున్నాడు. గోడ మీంచి రాల్చిన సిమెంటు పెచ్చు ఒకటి తెచ్చి రొట్టె పక్కన పెట్టాడు.

"ఇదిగో" అన్నాడు. "మా నాన్న ఆస్తి."

"తినే చోట ఏమిట్రా అది" అంది అత్తగారు.

"నువ్వూ చూడమ్మా. ఇరవై నాలుగేళ్ళయింది, చెక్కుచెదరలేదు. కర్ర కుళ్ళింది గాని ఇది కుళ్ళలేదు."

"మట్టిగోడ తడిస్తే ఆరుతుంది" అన్నాడు లూడర్ నములుతూ. "సిమెంటు వెనక్కి పోయిన నీళ్ళకి దారి ఉండదు. కర్ర తాగుతూనే ఉంటుంది, చచ్చేదాకా. ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు చూశాను. చలి రాకూడదని పూస్తారు. చలి రాదు నిజమే. కప్పు వస్తుంది కిందికి."

"తెలియనివాళ్ళు పూస్తే సరే" అన్నాడు హిన్రిక్. "ఈ ఇంట్లో పుట్టి, ఈ స్తంభాలు పట్టుకుని నడక నేర్చినవాడు పూశాడు. నేను మూడు నెలలు బ్రెమెన్ రేవులో కూలికి పోయి వచ్చేసరికి గోడ బూడిద రంగులో ఉంది. ఎవరు చేశారంటే, నేనే అన్నాడు. ఎందుకంటే, చేయాలనిపించింది అన్నాడు. అదీ జవాబు."

ఈ మాటలు నాకు కంఠస్థం. ఏటా పడమటి వాన కొట్టినప్పుడల్లా వింటాను. విన్నప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని లేస్తాను. ఇవాళ లేవలేదు.

"కూలగొట్టేద్దాం" అన్నాను.

అందరూ నా వైపు చూశారు.

"దక్షిణం పొలంలో ఇటుకల ఇల్లు కట్టుకుందాం. ఇప్పుడందరూ అదే కడుతున్నారు. ఆ గోడ కిందికి దూరడం ఎందుకు? ఎవరికోసం?"

"మొన్న జాకీకి తుప్పు పట్టిందంది" అన్నాడు హార్మ్, మేస్త్రికి లెక్క చెబుతున్నట్టు. "నిన్న మీకు తల తిరుగుతున్నట్టుందంది. ఇవాళ ఇల్లే వద్దంటోంది. రేపు నన్ను కనడమే తప్పంటుంది."

"వదిన భయపడితే నాకు ధైర్యం" అన్నాడు లూడర్. "ఆవిడ భయపడ్డది ఏదీ ఇంతవరకూ జరగలేదు. చూడు వదినా, ఎంత తేలికో."

ఆయన మూడు కాఫీ కప్పులు వరసగా పెట్టాడు. వాటి మీద రొట్టె కోసే కత్తి పెట్టాడు.

"కత్తి పై దూలం. ఇది ఒకటో స్తంభం, ఇది రెండు, ఇది మూడు." మధ్య కప్పు తీసేశాడు. "రెండోదానికి పాదం తీసేశాం. జాకీని ఇంకో మూడు వేళ్ళు లేపితే బరువంతా ఇటు, మూడోదాని మీదికి వాలుతుంది. అప్పుడు హార్మ్ కిందికి దూరి కొత్త పాదం అమరుస్తాడు. పావుగంట పని."

"మూడోది మోస్తుందా?" అన్నాను.

"నిన్ననే సుత్తితో కొట్టి చూశాను. బయట నుంచి గంటలా మోగింది."

బయట నుంచి.

మూడో కప్పు నాది. అందులో సగం కాఫీ ఉంది. దాని మీద కత్తి మొన ఆనుకుని ఉంది. నేను తాగడానికి చెయ్యి చాపలేకపోయాను.

*

కొత్త పాదానికి కర్ర కోసం వెతుక్కోనక్కర్లేదు. మా పెద్ద నడవలో, ఆవుల కొట్టం గోడ వెంబడి, ఒక నిలువెత్తు ఓక్ దుంగ పడుంది. నాలుగు పక్కలా చెక్కి నునుపు చేసింది. మా మామగారు బెరెండ్ పోయే ముందు ఏడాది చలికాలమంతా కూర్చుని చెక్కాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనతో మాట్లాడే అలవాటు ఇంట్లో అప్పటికే పోయింది. పద్దెనిమిదేళ్ళుగా దాని మీద పాలక్యాన్లు పెడుతున్నాం.

హార్మ్ క్యాన్లు దించి, దుంగని పక్కకి దొర్లించాడు. కింది వైపు తడిమి, వంగి చూశాడు.

"మేస్త్రీ, గుర్తు ఉంది."

ఇంటికి కర్ర చెక్కేవాళ్ళు ఏ కర్ర ఎక్కడిదో తెలియడానికి ఉలితో గీతలు పెడతారు. ఒకటో స్తంభానికి ఒకటి, రెండోదానికి రెండు. మా పడమటి గోడ స్తంభాలన్నిటి మీదా ఉన్నాయి. చిన్నప్పుడు హార్మ్ వాటి మీదే అంకెలు నేర్చుకున్నాడు.

లూడర్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మూడు గీతలు. పక్కన పడమటికి పెట్టే చిన్న జెండా. పడమటి గోడ, మూడోది." దుంగ పొడవునా చూపు సాగించాడు. "చీల బెజ్జాలు కూడా వేసి ఉంచాడు. పాదం కాదిది, నిలువు స్తంభమే. పూర్తిగా."

"మూడోదానికి ఏమైందని?" అన్నాడు హార్మ్.

"ఏమీ కాలేదు." హిన్రిక్ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చదు. "కుళ్ళింది రెండోది. ఈయన మూడోదానికి చెక్కాడు. చేసిన తప్పు దిద్దుకుందామనుకున్నా లెక్క రాలేదు ముసలాయనకి. చివరి రోజుల్లో మూడు దాకా లెక్కపెట్టడం కూడా మర్చిపోయాడు."

లూడర్ కూడా నవ్వాడు, మర్యాదకి. "పోనీలే, మంచి కర్ర. ఎత్తాక కొలత తీసుకుని దీంట్లోంచే ఒక ముక్క కోద్దాం."

నేను పాలక్యాను పట్టుకుని నిలబడి ఉన్నాను. ఖాళీ క్యాను. అయినా బరువుగా ఉంది.

ఆయన లెక్క తప్పలేదు.

హార్మ్ పుట్టిన చలికాలం అది. నది అడుగుదాకా గడ్డకట్టింది. పక్షులు చెట్ల మీంచి రాళ్ళలా రాలాయి. వీడికి మూడు నెలలు. ఛాతీలో పిల్లికూత. పగలు ఉయ్యాల వంటింట్లో, రాత్రి పక్కన చిన్న గదిలో. రెండు చోట్లా మట్టిగోడకీ కర్రకీ మధ్య సందుల్లోంచి గాలి. నేను సందుల్లో గుడ్డలు కుక్కాను. గుడ్డలు కూడా గడ్డకట్టాయి. హిన్రిక్ బ్రెమెన్‌లో, అత్తగారు చెల్లెలి కూతురి పురిటికని వాళ్ళింట్లో. ఇంట్లో నేనూ మామగారే.

సిమెంటు పూయమన్నాను. వద్దన్నాడు. "ఈ గోడ ఊపిరి పీల్చుకోవాలి హిల్కా" అన్నాడు. "ముందు నా కొడుకుని పీల్చుకోనివ్వండి" అన్నాను. ఏం మాట అన్నానో నాకు అప్పుడు తెలియలేదు. మంచు కాస్త పట్టు సడలిన రోజు ఆయన సిమెంటు కలిపాడు. వంటింటి గోడకి బయట పూశాడు. చిన్న గదికి లోపల, మూడో స్తంభం చుట్టూ, తారు కాగితం కొట్టి దాని మీద పూసి, పైన చెక్క బోర్డులు బిగించాడు. బకెట్ నేను పట్టుకున్నాను.

మార్చిలో హిన్రిక్ వచ్చి అరిచాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు మామగారు "నేనే" అన్నాడు. నా వైపు చూడలేదు కూడా.

వాన వస్తుందా, ఆవు ఈనిందా. తరవాత ఆరేళ్ళు తండ్రీకొడుకుల మధ్య ఈ రెండు మాటలే. ఆయన పోయినరోజు హిన్రిక్ గోతిలో మట్టి వేసి, చేతులు దులుపుకుని వచ్చాడు. మళ్ళీ చర్చి వెనక ఉన్న ఆ సమాధి దగ్గరికి వెళ్ళలేదు. సమాధి మీద పూలు నేనే మారుస్తాను.

బయట పూసింది అందరూ చూశారు. లోపలిది నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు.

*

వంటింట్లోకి వచ్చాను. అత్తగారు కుర్చీ కదల్లేదు.

"క్యాను ఎందుకు మోసుకొచ్చావు?" అంది.

కింద పెట్టాను.

"కూర్చో."

"పని ఉంది అత్తయ్యా."

"నీకు ఇరవై నాలుగేళ్ళుగా పని ఉంది. కూర్చో."

కూర్చున్నాను. ఆమె కత్తి మడిచి జేబులో వేసుకుంది.

"నా గదిలో గోడ టిక్‌టిక్‌మంటుందని చెప్పానా లేదా?"

చెప్పింది. ప్రతి వసంతంలోనూ చెబుతుంది. చిన్న గది ఇప్పుడు ఆమెదే. మంచం తలవైపు మూడో స్తంభం. అది నీ గడియారమే అమ్మా అంటాడు హిన్రిక్. నానమ్మ చెవిలో పురుగు దూరింది అంటాడు హార్మ్. కుళ్ళిన ఓక్‌లో దూరిన పురుగు వసంతంలో అలా కొడుతుందని నాకు తెలుసు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి బోర్డుకి చెవి ఆనించి, వినిపించకముందే లేచి వచ్చేస్తాను.

"నిన్న లూడర్ మంచం జరపమంటావా అని అడిగితే, పెద్దావిణ్ణి కదపొద్దు, బయట కొట్టి చూడు చాలు, అన్నావు నువ్వు."

నేను చేతుల్లోకి చూసుకున్నాను. అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆ గోడలో ఏముందో నాకు తెలియదు" అంది ఆమె. "మీ మామ చెప్పలేదు. పోయే ముందు రోజు మాత్రం ఒక మాటన్నాడు. ఆ అమ్మాయిని తొందరపెట్టకు, అన్నాడు. ఏ విషయంలో అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు తొందరపెట్టలేదు నేను."

బయట హార్మ్ ఈల వేస్తున్నాడు. జాకీ కడ్డీ ఇనుముకి తగిలిన చప్పుడు.

"ఇవాళ తొందరపెడుతున్నాను" అంది అత్తగారు. "వాడు ఈల ఆపేలోపు లే."

"ఆయన నన్ను క్షమించడు అత్తయ్యా. వాళ్ళ నాన్నని ఆరేళ్ళు..."

"క్షమించకపోవచ్చు."

ఈల ఆగింది.

*

నేను వెళ్ళేసరికి హార్మ్ కొలత తీయడానికి గోడ కింద భుజాల దాకా దూరి ఉన్నాడు. నాకు ముందు వాడి బూట్లే కనిపించాయి. మడమ దగ్గర ఒక కుట్టు ఊడింది, కుట్టిద్దామనుకుంటూ మర్చిపోయాను. లూడర్ జాకీ కడ్డీ పట్టుకుని ఉన్నాడు. హిన్రిక్ పక్కన, గోడ లేచినంత మేరా కింద దోపడానికి, ఆపు చెక్కలు పట్టుకుని ఉన్నాడు.

"ఒక వేలు లేచింది" అన్నాడు లూడర్. "ఇంకో రెండు."

కడ్డీ తిప్పాడు. పైన ఎక్కడో దూలం మూలిగింది. తరవాత గోడ అవతల, అత్తగారి గది వైపు నుంచి, బోర్డు చిట్లిన చప్పుడు.

"అదేంటి?" అన్నాడు హార్మ్ లోపల్నుంచి.

"పాత ఇల్లు ఒళ్ళు విరుచుకుంటోంది" అన్నాడు లూడర్. మళ్ళీ కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"ఆపు లూడర్."

"వదినా, కాస్త పక్కకి..."

"మూడోది మోయదు. లోపల సిమెంటు ఉంది. బోర్డుల వెనక. తారు కాగితం, దాని మీద సిమెంటు."

లూడర్ చెయ్యి కడ్డీ మీదే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. బకెట్ పట్టుకుంది నేనే."

హార్మ్ నేల మీద పాకుతూ బయటికి వచ్చాడు. మొహం నిండా మట్టి. వాణ్ణి బయట చూశాకే మిగతా మాటలు చెప్పగలిగాను.

"అదీ, వంటింటిదీ. రెండూ నేనే పూయించాను. మామయ్య వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. వీడికి ఊపిరి ఆడటం లేదు. నువ్వు లేవు హిన్రిక్. వీడు చచ్చిపోతాడనుకున్నాను."

హిన్రిక్ చేతుల్లో ఆపు చెక్కలు అలాగే ఉన్నాయి.

"నాన్న నేనే అన్నాడు" అన్నాడు.

"అన్నాడు."

"నువ్వు పక్కనే ఉన్నావు. చంకలో వీడున్నాడు."

"ఉన్నాను."

"ఆ తరవాత ఆరేళ్ళు ఉన్నాడాయన."

"ఉన్నాడు."

లూడర్ అప్పటికే గదిలోకి వెళ్ళాడు. మంచం ఈడ్చిన చప్పుడు, మేకులు ఊడిన చప్పుడు. తరవాత ఏ చప్పుడూ లేదు. పిడి ఉన్న ఇనప చువ్వ ఒకటి ఆయన దగ్గర ఉంటుంది, కర్ర పరీక్షించడానికి. మంచి కర్రలో అది గోరంత కూడా దిగదు. ఆయన బయటికి వచ్చి మాకు చూపించాడు. చువ్వ పిడి దాకా గోధుమ రంగు తడి.

"అమ్మా" అన్నాడు హార్మ్. వాడు జోకు వెయ్యకపోవడంతో నాకు భయం వేసింది.

"వినండి" అన్నాడు లూడర్. "దించలేం, రెండోదానికి పాదం లేదు. ఎత్తలేం, మూడోదానికి బలం లేదు. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టి ముందు మూడోదాన్నే మార్చాలి. స్తంభం సిద్ధంగా ఉంది. కొలతకి చెక్కి, బెజ్జాలు వేసి మరీ." ఆయన నడవ వైపు చూశాడు. "దాన్ని కోయబోయాను నేను."

"మనం ముగ్గురం చాలమా?" అన్నాడు హార్మ్.

"నువ్వూ నేనూ ఆపు చెక్కలు వదలకూడదు. దుంగ మోసి నిలబెట్టాలంటే ఇంకో నలుగురు. పక్క పొలం మైనర్ట్ అన్నదమ్ముల్ని పిలవాలి. పొలంలో ఉంటారు, ఫోను మోగినా ఎత్తేవాళ్ళు ఉండరు. ఎవరైనా వెళ్ళాలి."

అందరం హిన్రిక్ వైపు చూశాం.

ఆయన ఆపు చెక్కలు హార్మ్ చేతికిచ్చాడు, వాడు వాటిని జాకీ పక్కన గోడ కింద దోపి పట్టుకున్నాడు. హిన్రిక్ నడవలోకి వెళ్ళి దుంగ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేనూ వెనకే వెళ్ళి పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. గుర్తు మీద బొటనవేలు పెట్టాడు. ఒక గీత, ఇంకో గీత, ఇంకోటి. చిన్నపిల్లాడు అంకెలు దిద్దుతున్నట్టు.

"మూడు" అన్నాడు. "సరిగ్గానే లెక్కపెట్టాడు."

లేచాడు. నా పక్కనుంచే వెళ్ళాడు. ఆయన చొక్కా నా చేతికి తగిలింది, ఆయన చూడలేదు. పక్క తలుపు దాటి, ఎప్పుడు కోపం వచ్చినా చేసినట్టే వెనక్కి లాగాడు. పట్టలేదు. మళ్ళీ లాగాడు. రెండు వేళ్ళ సందు వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ సందులోంచి చూశాను. గేటు దాటాక దారి చీలుతుంది. ఎడమకి మైనర్ట్ వాళ్ళ పొలం. కుడికి చర్చి. హిన్రిక్ అక్కడ ఆగాడు. టోపీ తీశాడు. కుడికి తిరిగాడు.

"నాన్న ఎటు వెళ్తున్నాడు?" హార్మ్ అరిచాడు. "మేస్త్రీ, ఇది ఎంతసేపు ఆగుతుంది?"

"గాలి లేవకపోతే మధ్యాహ్నం దాకా."

"హార్మ్, బయటికి వచ్చేయ్" అన్నాను. "ఇల్లు పోతే పోనీ. నువ్వు వచ్చేయ్."

"ఇప్పుడు వదిలితే మేస్త్రి మీద పడుతుందమ్మా."

అత్తగారు చేతికర్ర ఊతంగా వచ్చి దుంగ మీద కూర్చుంది. తెచ్చిన నా చెక్క బూట్లు నా ముందు పడేసింది.

"ఎడమకి నువ్వు వెళ్ళు" అంది. "వాడు కుడికి వెళ్ళాల్సిన రోజే ఇది."

"వీణ్ణి ఇక్కడ వదిలేసి?"

"వదిలేసి."

నేను బూట్లు తొడుక్కున్నాను. హార్మ్ గోడ కింద భుజం దూర్చాడు. మళ్ళీ ఆ మడమ, ఆ ఊడిన కుట్టు. తలుపు మీద చెయ్యి వేశాను.

గుమ్మం మీద పొద్దుట ఆవులకి వేసిన గడ్డిలోంచి పోచ ఒకటి పడి ఉంది. నేను ముట్టుకోలేదు. అది దానంతటదే కదిలి, దొర్లుకుంటూ లోపలికి వచ్చింది.